ఫోన్ నిండా కామెడీ ఉండగా హాస్య నాటికకు జనం కూర్చుంటారా?

హన్మకొండలో మీ కాలనీవాళ్లు బతుకమ్మ రోజుల్లో 40 నిమిషాల హాస్య నాటిక వేద్దామంటున్నారు, జనం కూర్చుంటారా అని మీ అనుమానం. కూర్చుంటారు. ఫోన్లో కామెడీ మనం నవ్వినా నవ్వకున్నా సాగిపోతుంది. స్టేజి మీద నటుడు మన నవ్వు కోసం ఆగుతాడు. చిందు యక్షగానంలో హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ జనంతో మాట కలిపితే పిల్లలు కూడా ముందుకు జరిగేది అందుకే.

ఆ ఆగడం దగ్గరే అసలు పని ఉంది. ఒక సీన్ అనుకోండి: అల్లుడు మంచం కింద దాక్కున్నాడు, చెప్పులు గడప దగ్గర మరిచాడు. చిట్టీ పైసలకు మామ వచ్చాడు. చెప్పులు మొదటి నుంచీ జనం కంట్లో పడాలి కాబట్టి ఎర్రవి తెచ్చి స్టేజి ముందు వైపు వెలుతురులో పెట్టండి. "ఇంట్ల ఎవలు లేరా?" "లేరు నాయినా" అంటుంది కూతురు. మామ వెళ్లబోతూ చెప్పులు చూసి, రెండు సెకన్లు ఊరుకుని, "మరి ఇవి ఎవలియి?" అనాలి. సగం నవ్వు ఆ రెండు సెకన్లలోనే వస్తుంది, ఎందుకంటే సంగతి మామ కన్నా ముందు జనానికి తెలుసు. గబుక్కున అడిగితే ఏమీ మిగలదు.

నవ్వు సగానికి తగ్గగానే తర్వాతి మాట అందుకోవాలి. ముందే అందుకుంటే మాట వినపడదు. ఒకటి రెండుసార్లు అట్లయితే మాట పోతుందని జనం నవ్వు ఆపుకుంటారు. ఆగినంతసేపు నటుడు ఊరికే నిలబడొద్దు, తువ్వాల దులుపుకున్నా చాలు. రిహార్సల్‌లో నవ్వేవాళ్లు ఉండరు కాబట్టి చివరి రెండు రిహార్సల్స్‌కు కథ తెలియని పదిమందిని పిలవండి. అక్కడ 34, 35 నిమిషాలు వచ్చేలా కుదించుకోండి, మిగతాది నవ్వులే తింటాయి.

కొత్తవాళ్లు వాక్యం చివర గొంతు దించుతారు. తెలుగులో నవ్వించే మాట తరచుగా చివర్నే ఉంటుంది, అది మైకుకు అందదు. స్టేజి అంచున మూడు మైకులు పెట్టి, ఆ మాట పలికేటప్పుడు ముఖం జనం వైపే ఉండేలా చూడండి.

యాస మీద ఒక మాట గట్టిగా చెప్పాలి. వేదం వేంకటరాయ శాస్త్రి మన ఓరుగల్లు కథతో 1897లో రాసిన ప్రతాపరుద్రీయం నాటకంలో చాకలి పేరిగాడి మాట ఇప్పటికీ బతికి ఉందంటే, అది వాడి నోటి మాట కాబట్టి. మీ నాటికలో పనిమనిషికి ఒక్కదానికే తెలంగాణ మాట ఇచ్చి డాక్టరుకు పుస్తకభాష ఇవ్వకండి. డాక్టరు కూడా "ఎట్లుంది పెద్దమ్మా?" అనే అడగాలి.