గల్లా తాళం చేతికొచ్చే ముందు

బంగారుతల్లీ,

కూకట్‌పల్లిలో బట్టల షోరూంలో చేరుతున్నావని మీ నాన్న రాత్రి ఫోన్ చేశాడు. బీకాం చదివించి చీరలు మడతపెట్టడానికి పంపుతున్నానని వాడి బాధ. నాకు మాత్రం గర్వంగా ఉంది. భయంగానూ ఉంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో 31 ఏళ్లు చీరల కౌంటర్లో నిలబడ్డదాన్ని కదా.

వేళకు వెళ్లు, ఫోన్ సంచిలో పెట్టుకో, పండగలకి సెలవు అడగకు. ఇవి నీకు తెలిసినవే.

మొదటి నెలంతా సరుకు నేర్చుకో. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకి ముందే రంగు వేసి నేస్తారు, అందుకే చీర తిరగేసినా డిజైన్ అలాగే కనిపిస్తుంది. అచ్చు వేసిందైతే వెనకవైపు వెలవెలబోతుంది. పాత పద్ధతి గద్వాల్‌లో చీరంతా నూలు, అంచూ కొంగూ పట్టు. పట్టు అని నోటితో అనేముందు, అసలు పట్టని చెప్పే సిల్క్ మార్క్ గుర్తు ఉందేమో చూడు. ఇవన్నీ కస్టమర్‌కి చూపించి చెప్పగలిగితే ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ దాకా వెళ్తావు. నీకు లెక్కలు వచ్చు కాబట్టి స్టాకు, బిల్లింగ్, జీఎస్టీ కూడా పట్టుకో. ఎప్పటికైనా ధర్మవరం, వెంకటగిరి వెళ్లి సరుకు ఎంచి కొనే పని నీ చేతికి రావాలి. నాకు ఆ ఆశ తీరలేదు.

ఇప్పుడు అసలు మాట. 1996 శ్రావణం, వరలక్ష్మీ వ్రతం ముందురోజు. మధ్యాహ్నం, నాకంటే ముందు గల్లాలో కూర్చున్న కుర్రాడు దాన్ని నాకు అప్పగిస్తూ, "అక్కా, అమ్మకి బాగాలేదు, అంతా సరిగ్గానే ఉంది" అని తాళం నా చేతిలో పెట్టి పరుగెత్తాడు. ఎదురుగా జనం. నేను లెక్కపెట్టలేదు. రాత్రి పద్దు చూస్తే 1,800 రూపాయలు తక్కువ. నా నెల జీతం 1,200. తెల్లారి వాడు రాగానే అందరి ముందూ "నువ్వే తీశావు" అన్నాను. తలొంచుకుని నిలబడ్డాడు, ఒక్క మాట అనలేదు. సాయంత్రం వెళ్లినవాడు మళ్లీ రాలేదు. వారం తర్వాత, చీర వాపసు తీసుకుని డబ్బు తిరిగిచ్చిన చీటీ ఒకటి సొరుగు వెనక ఇరుక్కుని దొరికింది. సరిగ్గా 1,800. కృష్ణలంకలో వాళ్లిల్లు వెతుక్కుంటూ వెళ్లాను. తాళం వేసి ఉంది. ఇప్పటికీ బస్టాండులో ఆ ఈడు మనిషి కనిపిస్తే మొహంలోకి చూస్తాను తల్లీ.

ఎంత జనం ఉన్నా సరే, గల్లా అప్పగించేవాళ్ల ఎదురుగానే లెక్కపెట్టు, ఇద్దరూ సంతకం పెట్టండి. నీ పాస్‌వర్డ్‌తో ఇంకొకరు బిల్లు కొట్టకూడదు. వాళ్లు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ. వింటున్నావా? నీకు మొహమాటం ఎక్కువ. చిన్నప్పుడు అడిగినవాళ్లకి పలక ఇచ్చేసి ఏడుస్తూ ఇంటికొచ్చేదానివి, నేనే కొత్తది కొనిపెట్టేదాన్ని.

ఇంకొకటి. కూర్చోవడానికి కుర్చీ ఇస్తారో లేదో చేరేముందే అడుగు. కేరళలో ఆడవాళ్లు పోరాడితే 2018లో షాపుల్లో కూర్చునే హక్కు చట్టంలోకి వచ్చింది, 2021లో తమిళనాడూ తెచ్చింది. మాకు స్టూలు కూడా ఉండేది కాదు. నా పిక్కల మీద ఉబ్బిన నరాలు చూశావుగా. మెత్తటి చెప్పులు కొని పంపుతాను, నీ సైజు చెప్పు.

మీ అత్త