ఎంపీసీ అబ్బాయి, ఎకనామిక్స్ మోజు

ప్రశ్న: మాది విశాఖలో గాజువాక. మావారు పోర్టులో ఓడల సరుకు ఎక్కించి దించే ఒక స్టీవ్‌డోరింగ్ కంపెనీలో టాలీ క్లర్కు, సరుకు లెక్క రాస్తారు. బాబు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. లెక్కలు బాగా చేస్తాడు, ఫిజిక్స్ పర్వాలేదు. పేపర్ రాగానే ముందు తిరగేసేది మాత్రం బిజినెస్ పేజీయే. యూరప్‌లో 'బిజినెస్ ఇంజనీరింగ్' అని ఒక కోర్సు ఉందట, ఎకనామిక్సూ టెక్నాలజీ కలిపి చెప్తారట, అదే చదువుతానని పట్టుబట్టి కూర్చున్నాడు. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీవాళ్ళు ముప్పై లక్షల్లో జర్మనీ పంపిస్తామంటున్నారు. మా మరిదేమో సీఎస్‌ఈ వదిలేసి ఇదేం పిచ్చి, రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, ఆ కన్సల్టెన్సీకి ఇంకా అడ్వాన్సు కట్టి ఉండకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే రసీదు జాగ్రత్తగా దాచుకోండి. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు బాబు మాట.

బాబు నిన్నగాక మొన్న పుట్టిన కోర్సేమీ అడగడం లేదు. జర్మనీలో దీనికి దాదాపు వందేళ్ళ వయసు. 1920ల్లో బెర్లిన్‌లోని టెక్నికల్ విద్యాసంస్థలో మొదలైంది. ఇప్పుడు అక్కడి కార్ల్స్‌రూ ఊళ్ళోని యూనివర్సిటీ దీనికి పెట్టింది పేరు. బెల్జియంలో అయితే సోడా యాష్ తయారీతో కోట్లు గడించిన ఎర్నెస్ట్ సాల్వే 1903లోనే బ్రస్సెల్స్‌లో ఒక బిజినెస్ స్కూలు పెట్టించాడు. అక్కడా ఇలాంటి చదువే సాగుతోంది. ఫ్యాక్టరీలో యంత్రం తెలిసినవాడికి ఖాతా పుస్తకం అర్థం కాదు, ఖాతా రాసేవాడికి యంత్రం అర్థం కాదు. ఇద్దరి మాటా తెలిసిన మనిషి కావాలి. కోర్సు పుట్టింది ఆ అవసరంలోంచే.

మీ ఇంట్లో అందరికీ తెలిసిన పోర్టు భాషలోనే చెప్తాను. తప్పులుంటే మీవారు దిద్దుతారు.

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుంటే దూరంగా లంగరేసిన ఓడలు కనిపిస్తాయి కదా. వాటిలో కొన్ని బెర్త్, అంటే పోర్టులో సరుకు దించే చోటు, ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నవే. నిలబడ్డ ఓడ కూడా రోజుకింత అని తింటూనే ఉంటుంది. 75 వేల టన్నుల బొగ్గుతో ఒక ఓడ వచ్చిందనుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. బెర్త్‌లో రోజుకి 15 వేల టన్నులు దించగలరు, కాబట్టి 5 రోజులు. కొత్త క్రేన్లు తెస్తే రోజుకి 25 వేలు, 3 రోజుల్లో ఓడ ఖాళీ. ఇంతవరకూ మెకానికల్ ఇంజనీరు చెప్పేస్తాడు, చప్పట్లు కూడా కొట్టించుకుంటాడు.

ఇప్పుడు డబ్బు. ఓడకి రోజు ఖర్చు 12 లక్షలనుకోండి. 2 రోజులు మిగిలితే ఓడకి 24 లక్షలు. ఏడాదికి 60 ఓడలైతే 14 కోట్ల 40 లక్షలు. క్రేన్లకి అయ్యేది 100 కోట్లు. ఏడేళ్ళలో పెట్టుబడి వచ్చేసినట్టే ఉంది కదా? ఆ 100 కోట్లు 9 శాతం వడ్డీకి తెచ్చినవైతే మొదటి ఏడాది వడ్డీకే 9 కోట్లు పోతాయి. అప్పు తీరేసరికి పదకొండేళ్ళు దాటుతుంది. ఈలోగా క్రేన్లకి రిపేర్లు వేరే.

ఇంకో మెలిక. మిగిలిన ఆ 24 లక్షలు ఎవరి జేబులో పడుతున్నాయి? ఓడని అద్దెకి తెచ్చుకున్న బొగ్గు కంపెనీ జేబులో. క్రేన్లు కొన్నదేమో పోర్టు. డబ్బు ఒకరిది, లాభం ఇంకొకరిది. పోర్టు ఛార్జీలు పెంచి అందులో కొంత రాబట్టుకోవాలి. మరీ పెంచితే పక్కనే గంగవరం పోర్టు ఉంది, ఓడ అటు తిరుగుతుంది. ఎంత పెంచితే ఓడ పోకుండా ఉంటుందో తేల్చడం అచ్చంగా ఎకనామిక్స్.

ఇదంతా విన్నాక మీవారు ఒక్క మాట అడుగుతారని పందెం కాస్తాను. "మరి రేకులేవండీ?" దించిన బొగ్గు కదలాలి. రేకంటే ఒక గూడ్సు రైలు, ఒక్కో దాంట్లో పట్టేది సుమారు 3,800 టన్నులు. రోజుకి 25 వేల టన్నులు దించితే ఆరేడు రేకులు రావాలి. నాలుగే వస్తే యార్డు నిండిపోతుంది, 100 కోట్ల క్రేన్ కొంగలా ఒంటికాలి మీద నిలబడుతుంది. అప్పుడు డబ్బు పెట్టాల్సింది క్రేన్ మీదా, గూడ్సు రైళ్ళు నిలిపి నింపే సైడింగ్ మీదా? ఈ ప్రశ్న దాకా ఒక్కడే నడిచి రాగలిగితే వాడు బిజినెస్ ఇంజనీరు. సర్టిఫికెట్ మీద ఏ పేరున్నా సరే.

గాజువాకవాళ్ళకి ఇంకో ఉదాహరణ గుమ్మంలోనే ఉంది. సముద్రం ఒడ్డున కట్టిన స్టీల్ ప్లాంటు, పనితనంలో వంక పెట్టలేం. కానీ సొంత ఇనుప గని లేదు. ఖనిజం కొనుక్కోవాలి. సొంత గని ఉన్న కంపెనీతో అదే మార్కెట్లో పోటీ పడాలి. ప్లాంటు కష్టాలన్నిటికీ ఇదొక్కటే కారణం అనను, కానీ ఫర్నేస్ ఎంత గొప్పదైనా ఖనిజం బిల్లు తగ్గించలేదు కదా.

నా సంగతీ చెప్తాను. మెకానికల్ పాసై ఒక చిన్న ఫౌండ్రీలో చేరిన కొత్తలో ఫర్నేస్‌కి ఒక మార్పు చేస్తే ఆయిల్ ఎంత ఆదా అవుతుందో పదహారు పేజీల రిపోర్టు రాశాను. ఓనరు చివరి పేజీ తిప్పి, "బాగుంది బాబూ, డబ్బులెన్నాళ్ళకి తిరిగొస్తాయి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రిపోర్టు టీ గ్లాసు కింద రెండు వారాలుంది. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. ఆ తర్వాతే నేను అకౌంట్స్ పుస్తకం కొన్నాను.

ఇక బాబుతో మీరు గట్టిగా మాట్లాడాల్సిన విషయం. "సగం ఇంజనీరింగు, సగం బిజినెస్" అంటే పిల్లలకి సగం కష్టమే అని వినిపిస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆ ఆశతోనే వస్తారు. ఆ కోర్సులో మెకానిక్స్, మెటీరియల్స్ ఉంటాయి, పక్కనే స్టాటిస్టిక్స్, మైక్రో ఎకనామిక్స్, అకౌంటింగ్, ఆపరేషన్స్ రీసెర్చ్ ఉంటాయి. ఫిజిక్స్ నుంచి తప్పించుకోవడానికైతే దారి తప్పినట్టే. పైగా కాలేజీలో చెప్పే ఎకనామిక్స్ పేపర్లో బిజినెస్ పేజీలా ఉండదు. పేజీ నిండా కాల్‌క్యులస్ ఉంటుంది. ఏ షేరు పెరిగింది, ఎవరు ఎవరిని కొన్నారు అనే ఉత్సాహం వేరు, ధర పెరిగితే కొనుగోలు ఎంత తగ్గుతుందో సమీకరణం రాయడం వేరు. రెండోది కూడా నచ్చితేనే ఇది వాడి చదువు.

ఆ పరీక్ష ఇంట్లోనే పెట్టొచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి మైక్రో ఎకనామిక్స్ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి మూడు చాప్టర్లు చదివి, వెనక ప్రశ్నలు చేయమనండి. కోచింగ్ ఒత్తిడిలో కూడా దాన్ని రాత్రి పదింటికి తనంతట తాను తెరుస్తున్నాడంటే మోజు నిజమే. మూడో రోజే మంచం కింద చేరితే మీకు ముప్పై లక్షలు మిగిలాయి.

మన దేశంలో సరిగ్గా ఈ పేరుతో కోర్సులు అరుదు, కానీ సరుకు దొరుకుతుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగ్ ఉంది. నన్నడిగితే బాబు కోరేదానికి మన దేశంలో అతి దగ్గరి చుట్టం అదే. ఎకనామిక్స్ వైపే ఎక్కువ మొగ్గితే కాన్పూర్, బాంబే, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో బీఎస్ ఎకనామిక్స్ ఉంది. ఎంపీసీ చదివినవాళ్ళకే ఆ సీట్లు. మన దగ్గర చాలామంది తల్లిదండ్రులు ఆ పేరు చూడగానే "ఐఐటీకి వెళ్ళి ఆర్ట్స్ గ్రూపా" అని ఆప్షన్ కొట్టేస్తారు. మీరు కొట్టెయ్యకండి.

బిట్స్ పిలానీ దారి ఇంకోటి. హైదరాబాద్ క్యాంపస్‌లో కూడా ఎమ్మెస్సీ ఎకనామిక్స్‌లో చేరి, మొదటి ఏడాది మార్కుల్ని బట్టి ఒక బీఈ బ్రాంచి కలుపుకోవచ్చు. ఐదేళ్ళలో రెండు డిగ్రీలు. పేరుకే కాదు, నిజంగానే రెండు పడవలు నడిపిస్తారు. ఫీజు మాత్రం బరువే, లోను తప్పదేమో. మొదటి ఏడాది మార్కులు తగ్గితే కోరుకున్న బ్రాంచి రాదన్నది కూడా ముందే తెలుసుకుని దిగాలి.

ఈఏపీసెట్ ర్యాంకుతోనే ఆగితే కొన్ని కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ అండ్ బిజినెస్ సిస్టమ్స్ అనే బ్రాంచి ఉంది. సిలబస్ టీసీఎస్ సాయంతో తయారైంది. పేరు చూసి మురిసిపోకండి, అది కంప్యూటర్ సైన్సే, దానికి బిజినెస్ తాలింపు. చెప్పే మాస్టార్లున్న కాలేజీ అయితే మంచిదే. దానికంటే నేను తరచూ చెప్పేది పాత దారి: మంచి కాలేజీలో మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటి కోర్ బ్రాంచి, దాంతో 18 నుంచి 20 క్రెడిట్ల మైనర్, అంటే డిగ్రీతోపాటు అదనంగా చదివే చిన్న కోర్సు, ఒకటి మేనేజ్‌మెంట్‌లోనో ఎకనామిక్స్‌లోనో. ఆ అవకాశం ఉందో లేదో కౌన్సెలింగ్‌కి ముందే కాలేజీకి వెళ్ళి అడగండి. తర్వాత రెండేళ్ళు ఏదైనా ప్లాంటులో చెమటోడ్చి, క్యాట్ రాసి, ఐఐఎం ముంబైకి వెళ్ళొచ్చు. 2023 దాకా అది నిటీ, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌కి పెట్టిన సంస్థ. ఇంటికి దగ్గరే కావాలంటే మన గంభీరంలోనే ఐఐఎం ఉంది.

జర్మనీ సంగతికొస్తాను. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు. కార్ల్స్‌రూ ఉన్న రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటి దేశాలవాళ్ళకి సెమిస్టరుకి 1,500 యూరోలు. ఇది కాక వీసాకి ఏడాది ఖర్చు, 11,904 యూరోలు, ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. యూరో వంద రూపాయల లెక్కన దాదాపు 12 లక్షలు. అది ఎవరికీ ఇచ్చే ఫీజు కాదు, నెలనెలా బాబు తిండికీ గదికీ తిరిగొచ్చే డబ్బే. కన్సల్టెన్సీవాళ్ళు దీన్ని కూడా ప్యాకేజీలో కలిపి చెప్తున్నారేమో విడగొట్టి రాయించుకోండి.

అసలు గడప వేరే ఉంది. ఇంటర్ పాసైనంత మాత్రాన అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీలో సాధారణంగా నేరుగా బ్యాచిలర్స్ సీటివ్వరు. జేఈఈ అడ్వాన్స్‌డ్ క్వాలిఫై కావాలి, లేదా ఇక్కడ డిగ్రీలో ఒక ఏడాది పూర్తి చేయాలి, లేదా అక్కడ ఒక ఏడాది ప్రిపరేటరీ కాలేజీ చదవాలి. మన సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి. పైగా బ్యాచిలర్స్ పాఠాలు ఎక్కువగా జర్మన్‌లోనే, సీ1 స్థాయి, అంటే పాఠాలు ధారాళంగా అర్థమయ్యేంత భాష అడుగుతారు. మీ బాబుకి జర్మన్‌లో ఇప్పుడు ఎన్ని ముక్కలు వచ్చు? "భాష అక్కర్లేదు, ఇంటర్ చాలు, ముప్పై లక్షలు" అనగానే నాకు ప్రైవేటు యూనివర్సిటీ వాసన వస్తుంది. అలాంటివాటిలో మంచివీ ఉన్నాయి, కమీషన్ కోసం అంటగట్టేవీ ఉన్నాయి. యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, బోధించే భాష, ఫీజు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది, ఈ నాలుగూ కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. సగం కన్సల్టెన్సీలు అక్కడే నీళ్ళు నములుతాయి.

నా సలహా అయితే జర్మనీని మాస్టర్స్‌కి ఉంచండి. ఇక్కడ ఇంజనీరింగ్ చేస్తూ నాలుగేళ్ళు భాష నేర్చుకుంటే అప్పటికి ఇంగ్లిషులో చెప్పే కోర్సులూ ఎక్కువ దొరుకుతాయి, ఖర్చు కూడా సగానికి సగం తగ్గుతుంది.

మీ మరిది భయాన్ని తీసిపారేయను. మన ఊళ్ళో ఉద్యోగం తొందరగా ఇప్పించే పేరు ఇవాళ్టికీ సీఎస్‌ఈయే, మొదటి జీతం దగ్గర వాదించి నేను గెలవలేను. కానీ ఆయన్ని ఒకటి అడగండి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఏఐ హబ్‌కి ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది కదా. అందులో ముఖ్యమైంది డేటా సెంటర్, దాన్ని నడపడంలో పెద్ద ఖర్చు కరెంటు. ఆ కరెంటు ఎక్కడ, ఏ రేటుకి కొనాలి, చల్లబరచడానికి ఏ పద్ధతి చవక అని తేల్చేవాళ్ళు ఏ బ్రాంచివాళ్ళు?

ఇప్పటికైతే జేఈఈ మెయిన్ రెండు సెషన్లూ, బిట్‌శాట్, ఈఏపీసెట్ అన్నీ రాయించండి, దారి ఏదైనా ఎంపీసీ మార్కులే టికెట్టు. పరీక్షలయ్యాక బాబుని నా దగ్గరికి తీసుకురండి. వచ్చేముందు నా ఓడ లెక్కని మీవారి దగ్గర కూర్చుని నిజం అంకెలతో మళ్ళీ వేయమనండి, రేకులతో సహా. ఆ కాగితం చూసి మాట్లాడుకుందాం.