పాత రౌటర్‌తో పై అంతస్తుకూ వైఫై

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో మాది రెండంతస్తుల ఇల్లు. ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇచ్చిన రౌటర్ కింది హాల్లో ఉంది. పై గదిలో మా అబ్బాయి ఆన్‌లైన్ తరగతులు వింటున్నప్పుడు వైఫై తరచూ తెగిపోతోంది. పాత కనెక్షన్ నాటి రౌటర్ ఒకటి ఇంట్లో ఖాళీగా ఉంటే, కేబుల్‌తో రెండింటినీ కలిపి చూశాం. కాసేపు బాగానే పనిచేసింది కానీ, సాయంత్రానికి కింద ఉన్న ఫోన్లకు కూడా నెట్ ఆగిపోయింది. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ పాత రౌటర్‌లో గానీ కేబుల్‌లో గానీ లోపం ఉన్నట్టు లేదు. ఒకే నెట్‌వర్క్‌లో రెండు రౌటర్లూ పెత్తనం చేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇంట్లోని ప్రతి ఫోనుకూ ఒక ఐపీ అడ్రస్‌ను, నెట్ కోసం ఏ దారిన వెళ్లాలన్న సమాచారాన్ని ఇచ్చేది రౌటర్‌లోని డీహెచ్‌సీపీ అనే సదుపాయం. మీరు కలిపిన రెండింటిలోనూ అది పనిచేస్తూ ఉండటంతో, కొన్ని ఫోన్లకు పాత రౌటర్ ముందుగా అడ్రస్ ఇచ్చి, నెట్ కోసం తన దగ్గరికే రమ్మని చెప్పింది. దానికి బయటి కనెక్షన్ లేదు కాబట్టి ఆ ఫోన్లకు దారి మూసుకుపోయింది. మొదట తీసుకున్న అడ్రస్ గడువు తీరేవరకు ఫోన్లు దానితోనే నడుస్తాయి, అందుకే ఇబ్బంది వెంటనే కాక సాయంత్రానికి బయటపడింది.

పరిష్కారం ఏమిటంటే, పెత్తనమంతా కింది రౌటర్‌కే వదిలేసి, పాతదాన్ని కేవలం వైఫై అందించే యాక్సెస్ పాయింట్‌గా మార్చుకోవడం. సెట్టింగుల్లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ అని నేరుగా ఉంటే దాన్ని ఎంచుకోండి, చాలావరకు పని అక్కడితో అయిపోతుంది. లేకపోతే మీరే చేసుకోవచ్చు కానీ, ఇక్కడ వరుస తప్పకూడదు.

ముందుగా పాత రౌటర్‌ను ఇంటి నెట్‌వర్క్‌కు కలపకుండా విడిగా ఆన్ చేసి, వెనుకనున్న రీసెట్ రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లాప్‌టాప్‌ను దాని ల్యాన్ పోర్టుకు (ఇంట్లోని పరికరాలను కలిపే పోర్టు) కేబుల్‌తో కలిపి, రౌటర్ అడుగున స్టిక్కరు మీదున్న అడ్రస్‌ను బ్రౌజర్‌లో టైప్ చేస్తే సెట్టింగుల పేజీ తెరుచుకుంటుంది. అందులో మొదట మార్చాల్సింది రౌటర్ సొంత ల్యాన్ అడ్రస్. కింది రౌటర్ అడ్రస్ 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి, జియో ఫైబర్ రౌటర్లలో మాదిరిగా అది 192.168.29.1 అయితే దీనికి 192.168.29.2 ఇవ్వాలి. ఆ అంకె కింది రౌటర్ ఫోన్లకు పంచే అడ్రస్‌ల పరిధిలో లేకుండా చూసుకోండి. అడ్రస్ మారగానే పేజీ ఆగిపోతుంది, కంగారు పడకుండా కొత్త అడ్రస్‌తో మళ్లీ లోపలికి వెళ్లండి. వైఫై పేరు, పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చుకున్నాక, చివరగా డీహెచ్‌సీపీని ఆపేయండి. దాన్ని ముందే ఆపితే లాప్‌టాప్‌కు అడ్రస్ దొరక్క మీరే సెట్టింగులకు దూరమవుతారు.

ఇప్పుడు కింది రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి పై రౌటర్ ల్యాన్ పోర్టుకు కేబుల్ కలపండి. బయటి కనెక్షన్ కోసం వేరే రంగులో ఉండే వాన్ పోర్టును ఖాళీగా వదిలేయాలి. సెట్టింగులు మార్చని రౌటర్‌ను దాని ద్వారా కలిపినా నెట్ వస్తుంది కానీ, పై అంతస్తు వేరే నెట్‌వర్క్‌గా విడిపోయి, పైనున్న ఫోను నుంచి కిందున్న ప్రింటరుకో టీవీకో ఏదైనా పంపడం కష్టమవుతుంది. మీ పాత రౌటర్ టెలిఫోన్ లైను పెట్టే మోడెమ్ రకానిదైనా ఇబ్బంది లేదు, ల్యాన్ పోర్టులు ఉంటే చాలు. వాటి వేగం 100 ఎంబీపీఎస్‌కే పరిమితమైనా తరగతులకు అది ధారాళంగా సరిపోతుంది.

రెండు రౌటర్లకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే డబ్ల్యూపీఏ2 భద్రత పెడితే మెట్లెక్కేటప్పుడు ఫోన్ తనంతట తానే పై రౌటర్‌కు మారుతుంది. ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే కాబట్టి కొన్ని పాత ఫోన్లు కాస్త ఆలస్యం చేస్తాయి. వైఫై వాడే బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. కింద 1 ఉంటే పైన 6 గానీ 11 గానీ పెట్టండి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉన్నా కాంక్రీటు శ్లాబును దాటడంలో బలహీనం, అందుకే పై రౌటర్‌ను మీ అబ్బాయి చదువుకునే గదిలోనే ఉంచండి.

కేబుల్ విషయంలో మాత్రం పొదుపు చేయవద్దని నా గట్టి సలహా. క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ, రాగి పూత వేసిన అల్యూమినియం కాకుండా పూర్తి రాగితో చేసినది అడిగి తీసుకోండి. 100 మీటర్ల వరకు అది నిశ్చింతగా పనిచేస్తుంది. ఎనిమిది తీగలనూ కనెక్టర్‌లో బిగించమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి, నాలుగే బిగిస్తే గిగాబిట్ వేగం రాదు. కరెంటు వైర్లున్న పైపులోంచి దీన్ని లాగవద్దు. ఇంటి బయటి గోడ వెంబడి వేలాడదీయడం అంతకన్నా ప్రమాదం. మన వైపు వేసవి చివర్లో ఉరుములతో పడే వానలకు, పిడుగు దగ్గర్లో పడినా ఆ రాగి తీగ గుండా రెండు రౌటర్లూ కాలిపోవచ్చు. మెట్ల పక్కగా ఇంటి లోపలి నుంచే తీసుకెళ్లండి.

ప్రశ్న: చిత్తూరులో అద్దె ఇంట్లో ఉంటున్నాం. గోడలకు రంధ్రాలు పెట్టడానికి ఇంటివాళ్లు ఒప్పుకోరు. కేబుల్ లేకుండా రెండో రౌటర్ పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పెట్టుకోవచ్చు. రౌటర్‌లో రిపీటర్ మోడ్ లేదా డబ్ల్యూడీఎస్ (రౌటర్లను కేబుల్ లేకుండా కలిపే సదుపాయం) ఉందేమో చూడండి. అయితే సిగ్నల్‌ను అందుకోవడం, తిరిగి పంపడం ఒకే బ్యాండ్ మీద జరిగితే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. రెండు బ్యాండ్లున్న రౌటర్ అయితే నష్టం తగ్గుతుంది. దాన్ని వైఫై అందని గదిలో పెడితే ప్రయోజనం ఉండదు, మొదటి రౌటర్ సిగ్నల్ ఇంకా బాగా అందుతున్న చోట, సుమారు సగం దూరంలో ఉంచాలి. కొత్తగా కొనే ఉద్దేశం ఉంటే రిపీటర్ కన్నా రెండు యూనిట్లు కలిసి ఒకే వైఫైగా పనిచేసే మెష్ సెట్ మేలు. ఏదైనా కొనే ముందు, తలుపు సందులోంచి, గోడ అంచు వెంబడి పోయే పలుచని ఫ్లాట్ కేబుల్‌తో ఒకసారి ప్రయత్నించండి. రంధ్రం అవసరం ఉండదు, ఇల్లు మారేటప్పుడు చుట్టి తీసుకెళ్లవచ్చు.