సెలైన్ ఎక్కుతోంది కదా, గొట్టం ఎందుకు?

ప్రశ్న: మా కుక్క 20 కిలోలు ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక నాలుగు రోజులుగా ఏమీ ముట్టడం లేదు. గ్లూకోజ్ ఎక్కిస్తూనే ఉన్నారు. ఇప్పుడు తిండి పెట్టడానికి ముక్కులోంచి గొట్టం వేస్తామంటున్నారు. గ్లూకోజ్ చాలదా అండీ?

జవాబు: చాలదండీ. 20 కిలోల కుక్కకు కదలకుండా పడుకున్నా రోజుకు సుమారు 660 కిలో కేలరీలు కావాలి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ (అంటే మీరనే గ్లూకోజ్) అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే దాదాపు 85 కిలో కేలరీలు. ఆ లోటు తీరాలంటే రోజుకు ఎనిమిది సీసాలు ఎక్కించాలి. అంత నీరు ఒంటికి ప్రమాదం. పైగా అందులో మాంసకృత్తులు అసలు ఉండవు. అవి అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది, కుట్లు త్వరగా మానవు. సెలైన్ నీటి లోటుకు మందు, ఆకలికి కాదు. ఇప్పటికే నాలుగు రోజులైంది కాబట్టి ఇక ఆలస్యం చేయకండి.

ముక్కు గొట్టానికి పూర్తి మత్తు అక్కర్లేదు, ముక్కులో తిమ్మిరి చుక్కలు వేస్తే సరిపోతుంది. గొట్టం సన్నం కాబట్టి పలచటి ద్రవాహారమే దిగుతుంది. అది కూడా కొద్దిరోజుల ఏర్పాటే. వేయగానే ఎక్స్‌రే తీసి కొస ఊపిరితిత్తుల వైపు పోలేదని నిర్ధారించుకోవాలి. గట్టిగా తుమ్మినా, వాంతి అయినా గొట్టం జారవచ్చు. అలా జరిగితే మళ్లీ పరీక్షించేదాకా ఒక్క చుక్క కూడా పోయకూడదు. కాలితో లాగేసుకోకుండా మెడకు గరాటులాంటి కాలర్ తప్పనిసరి.

ప్రశ్న: మా పిల్లి 4 కిలోలు. వారం పైగా తినక కాలేయానికి కొవ్వు పట్టిందట. మెడ దగ్గర గొట్టం అమర్చారు. మొదటిరోజు నాలుగో వంతే పెట్టమన్నారు. అన్ని రోజులు పస్తున్న ప్రాణికి కడుపు నిండా పెట్టొద్దా?

జవాబు: మీ బాధ అర్థమవుతోంది, కానీ అలా పెడితే ప్రాణానికే ముప్పు. పస్తులో ఒంట్లోని ఫాస్ఫరస్, పొటాషియం నిల్వలు అడుగంటుతాయి. ఒక్కసారిగా తిండి పడితే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన ఆ కాస్త కూడా కణాల్లోకి పోతుంది. ఎర్రకణాలు చితికిపోతాయి, గుండె లయ తప్పుతుంది. అందుకే మొదటి రోజుల్లో రక్తపరీక్షలు చేస్తుంటారు. వాటిని మానుకోకండి.

రోజుకు ఎంత కావాలో తేల్చే లెక్క ఇది. బరువును మూడుసార్లు వేసి గుణించండి: 4×4×4, అంటే 64. దానికి వర్గమూలం 8, మళ్లీ వర్గమూలం 2.83. దాన్ని 70తో గుణిస్తే 198. అంటే రోజుకు దాదాపు 200 కిలో కేలరీలు. మిల్లీలీటరుకు ఒక కిలో కేలరీ ఉన్న ఆహారమైతే మొదటిరోజు మొత్తం 50 మిల్లీలీటర్లు, అయిదు విడతలుగా 10 చొప్పున. తట్టుకుంటే మూడు నాలుగు రోజుల్లో విడతకు 40కి చేరుస్తారు. మీ డబ్బా మీద కేలరీలు వేరుగా ఉంటే ఆ ప్రకారం మార్చుకోండి. మనుషుల పోషకపొడులు వద్దు. పిల్లులకు కావలసినన్ని మాంసకృత్తులు, వాటికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం ఆ పొడుల్లో సాధారణంగా ఉండవు.

పెట్టేముందు గొట్టం బయటి గుర్తు కదిలిందేమో చూడండి. పిల్లిని బోర్లా, తల ఎత్తుగా ఉండేట్టు పడుకోబెట్టి 5 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు నెమ్మదిగా ఎక్కించండి. దగ్గితే ఆపేసి డాక్టరుకు ఫోన్ చేయండి. ఆహారం మణికట్టు మీద వేసుకుంటే వేడిగానీ చల్లగానీ తెలియకూడదు. పదిహేను నిమిషాలు తీసుకోండి. పెదాలు నాక్కోవడం, చొంగ, పదేపదే మింగడం కనిపిస్తే అది వాంతికి ముందు సూచన, అక్కడితో ఆపండి. చివర మళ్లీ 5 నుంచి 10 మిల్లీలీటర్ల నీటితో కడిగి మూత పెట్టాలి. రోజూ కట్టు విప్పి రంధ్రం చుట్టూ ఎరుపు, వాపు, చీము ఉన్నాయేమో చూడండి. తేదీ, పరిమాణం, వాంతులు, బరువు రాసిపెట్టుకోండి.

ప్రశ్న: గొట్టం పూడుకుపోయింది. పుల్లతో పొడవొచ్చా?

జవాబు: వద్దు, చిరుగుతుంది. సిరంజిలో వెచ్చని నీరు తీసుకుని మెల్లగా తోస్తూ, వెనక్కి లాగుతూ ఉండండి. బలం ఉపయోగించకండి. లొంగకపోతే ఆసుపత్రికి వెళ్లండి. చాలాసార్లు కారణం మాత్రలే. మెత్తగా నూరి, పూర్తిగా కరిగించి, ఒక్కో మందు విడిగా వేసి మధ్యలో నీరు పోయాలి. అన్ని మాత్రలూ నూరదగినవి కావు, ముందే అడగండి.

ప్రశ్న: నోట్లోకి సిరంజితో బలవంతంగా పోస్తే గొట్టం తప్పుతుందా?

జవాబు: పొరబోయి న్యుమోనియా రావచ్చు. వికారంలో ఉన్న పిల్లికి ఆ ఆహారం మీద అసహ్యం పుట్టి, కోలుకున్నాక కూడా దాన్ని ముట్టకపోవచ్చు.

ప్రశ్న: గొట్టం ఎప్పుడు తీస్తారు?

జవాబు: గొట్టం వాడకుండా, తనంతట తానే తిని ఓ వారం బరువు నిలుపుకున్నాక. మెడ గొట్టాన్ని అవసరమైతే ముందే తీయవచ్చు, రంధ్రం కుట్టకుండానే మూసుకుంటుంది. పొట్టలోకి నేరుగా వేసిన గొట్టాన్ని మాత్రం తొందరపడి తీయరు. జీర్ణకోశం పొట్టగోడకు అతుక్కోవడానికి కనీసం 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఈలోగా ఊడితే తిండి కడుపు కుహరంలోకి కారుతుంది, అది అత్యవసర పరిస్థితి.