వెండి రేణువులతో పరిశోధన అంటోంది... బీఈడీ చేయించాలా, వద్దా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆనర్స్ రెండో సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఒక సెమినార్ విన్న దగ్గర్నుంచి, రామన్ స్పెక్ట్రోస్కోపీ, వెండి నానో రేణువులతో గ్లూటాథయోన్ లాంటి యాంటీ ఆక్సిడెంట్లను గుర్తించే పరిశోధన చేస్తానంటోంది. డిగ్రీ అవగానే బీఈడీ చేయిద్దామని మేం అనుకున్నాం. తనేమో ఎమ్మెస్సీ నానో టెక్నాలజీలో చేర్పించమంటోంది. ఈ రంగంలో ఉద్యోగాలుంటాయా?
- ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న విషయం మంచిదండీ. నా అభ్యంతరమల్లా కోర్సు దగ్గరే. నానో టెక్నాలజీ అని పేరు పెట్టిన ఎమ్మెస్సీ కంటే ఫిజికల్ లేదా ఎనలిటికల్ స్పెషలైజేషన్‌తో చేసే మామూలు ఎమ్మెస్సీ కెమిస్ట్రీయే ఆమెను ఆ పరిశోధనకు దగ్గర చేస్తుంది. ఎందుకంటున్నానో అర్థం కావాలంటే ఆ పనేమిటో మీకు కొంత తెలియాలి.

గ్లూటాథయోన్ మన శరీరంలో ప్రతి జీవకణమూ తయారు చేసుకునే చిన్న అణువు. గ్లుటామిక్ ఆమ్లం, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాల గొలుసు. ఆక్సీకరణ వల్ల కణానికి జరిగే నష్టాన్ని అడ్డుకోవడం దాని ముఖ్యమైన పని. కణం లోపల దాని గాఢత 1 నుంచి 10 మిల్లీమోలార్ల (లీటరు ద్రవంలో ఎంత పదార్థం ఉందో చెప్పే కొలమానం) దాకా ఉంటుంది. రక్తంలోని ప్లాస్మాకు వచ్చేసరికి అది మైక్రోమోలార్లకు పడిపోతుంది, అంటే దాదాపు వెయ్యో వంతు. అంత తక్కువ మోతాదును కచ్చితంగా కొలవడమే అసలు సమస్య.

కొలవడానికి వాడే రామన్ స్పెక్ట్రోస్కోపీకి మూలమైన వెలుగు సంగతి 1928 ఫిబ్రవరి 28న కోల్‌కతాలో తేలింది. పదార్థం మీద పడ్డ కాంతిలో చాలా భాగం అదే రంగుతో చెదిరిపోతుంది. కోటి ఫోటాన్లలో (కాంతి కణాల్లో) ఏ ఒక్కటో మాత్రం అణువు కంపనాలకు కొంత శక్తి ఇచ్చి, రంగు మారి బయటికొస్తుంది. ఆ మార్పు ఒక్కో అణువుకు ఒక్కో తీరున ఉంటుంది కనుక దాన్నిబట్టి అణువును గుర్తుపట్టొచ్చు. చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన సర్ సి.వి. రామన్‌కు 1930లో నోబెల్ తెచ్చింది ఇదే. ఆయన దగ్గర పనిచేసిన మన కృష్ణా జిల్లావాడు సూరి భగవంతం తర్వాత వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ ఆచార్యుడై ఈ పరిశోధనను అక్కడ కొనసాగించారు. మీ అమ్మాయి కోరుకుంటున్న విద్యకు మన ప్రాంతంలో అంత పాత వేర్లున్నాయి.

కోటిలో ఒకటంటే చాలా బలహీనమైన సంకేతం. 1974లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఫ్లైష్‌మన్ బృందం గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడిన్ అనే రసాయనాన్ని పరీక్షిస్తే, ఎవరూ అనుకోనంత బలమైన సంకేతం వచ్చింది. గరుకుతనం వల్ల ఎక్కువ అణువులు అతుక్కున్నాయని వాళ్లు భావించారు. 1977లో రెండు వేర్వేరు బృందాలు లెక్క కడితే ఆ వివరణ ఏమాత్రం సరిపోలేదు. సంకేతం లక్ష నుంచి పది లక్షల రెట్లు పెరిగింది మరి! అసలు కారణం వేరే. వెండి, బంగారాల్లోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతితో పాటు ఊగుతూ, లోహం అంచున, ముఖ్యంగా రెండు రేణువుల మధ్య ఉండే అతి సన్నని సందుల్లో, విద్యుత్ క్షేత్రాన్ని విపరీతంగా పెంచుతాయి. గ్లూటాథయోన్‌లో గంధకం ఉంది. గంధకం వెండికీ బంగారానికీ గట్టిగా అతుక్కుంటుంది. కాబట్టి ఈ అణువును ఆ సందుల్లోకి రప్పించడం సాధ్యమే.

సెమినార్లలో ఇంతవరకే చెబుతారు. ల్యాబ్‌లో కష్టం ఇక్కడ మొదలవుతుంది. సిల్వర్ నైట్రేట్‌ను సోడియం సిట్రేట్‌తో మరిగించి వెండి కొల్లాయిడ్ (నీటిలో తేలియాడే వెండి నానో రేణువుల ద్రవం) చేస్తారు. 1982లో లీ, మైజెల్ చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ వాడుకలో ఉంది. సోమవారం చేసిన సీసా ఇచ్చిన సంకేతాన్ని గురువారం చేసిన సీసా ఇవ్వకపోవచ్చు. గాజుసామాను ఆక్వారీజియా అనే ఘాటైన ఆమ్ల మిశ్రమంతో సరిగా కడగకపోయినా, కలపడంలో వేగం మారినా రేణువుల సైజు మారిపోతుంది. ఉప్పు కొద్దిగా కలిపితే రేణువులు దగ్గరికి చేరి మంచి సంకేతం ఇస్తాయి. కొంచెం ఎక్కువైతే ముద్దకట్టి అడుక్కి దిగిపోతాయి.

రక్తం నమూనాతో ఇంకో తంటా. గ్లూటాథయోన్ ఎక్కువగా ఎర్ర రక్తకణాల్లోనే ఉంటుంది, తీసేటప్పుడు వాటిలో కొన్ని పగిలినా ప్లాస్మా లెక్క తప్పుతుంది. గాలి తగిలితే అది ఆక్సీకరణం చెంది రెండేసి అణువులు జతకడతాయి. రక్తంలోని ప్రోటీన్లు రేణువులను కప్పేస్తాయి. సిస్టీన్, యూరిక్ ఆమ్లం కూడా అదే వెండి మీద చోటు కోసం పోటీపడతాయి. పైగా గ్లూటాథయోన్ సొంత సంకేతం అంత బలమైంది కాదు. అందుకే కొందరు ఎల్‌మన్ రీఏజెంట్ లాంటి బలమైన సంకేతమిచ్చే పదార్థాన్ని మధ్యవర్తిగా వాడి, పరోక్షంగా కొలుస్తారు.

ఇప్పుడు చూడండి, ఈ చిక్కుల్లో ఏది నానో టెక్నాలజీ సమస్య? ఉపరితల రసాయనం, ఆక్సీకరణ-క్షయకరణం, స్పెక్ట్రోస్కోపీ, గణాంకాలు. అన్నీ కెమిస్ట్రీ పాఠాలే. అన్నింటినీ తలా కొంచెం తాకి వదిలేసే కోర్సు చేసినవాళ్లు ఇలాంటిచోట ఇబ్బంది పడతారు. పైగా లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్లలో అర్హత ఎక్కువగా సబ్జెక్టు పేరుతోనే అడుగుతారు. కెమిస్ట్రీ పట్టాతో ఆ తలుపు కూడా తెరిచే ఉంటుంది.

డిగ్రీ చివరి ఏడాదిలో ఐఐటీల కోసం జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి వాటి కోసం సీయూఈటీ పీజీ, రాష్ట్ర వర్సిటీల కోసం పీజీసెట్ ప్రవేశ పరీక్షలు రాయాలి. మూడూ రాయించండి. పీజీలో ఉండగానే సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షకు కెమికల్ సైన్సెస్ పేపర్ సిద్ధం కావాలి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, అదనంగా ఇంటి అద్దె భత్యం ఇస్తారు. అంటే పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి 30 ఏళ్లు, అమ్మాయిలకు ఐదేళ్ల సడలింపు ఉంది. పెళ్లి గురించి మీ ఇంట్లో చర్చ వచ్చినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి, తొందరపడాల్సిన పని లేదు.

ఉద్యోగాల సంగతి దాపరికం లేకుండా చెబుతాను. 'యాంటీ ఆక్సిడెంట్లను రామన్‌తో కొలిచేవారు కావలెను' అనే ప్రకటన మీకు ఎక్కడా కనిపించదు. ఆసుపత్రి ల్యాబుల్లో ఈ పద్ధతి ఇంకా మామూలు పరీక్షగా మారలేదు. హైదరాబాద్, విశాఖ ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ విభాగాల్లో తిండి పెట్టేది మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ. అది ఆమెకు బాగా రావాలి. రామన్ కూడా అక్కడికి చేరింది. గోదాముకొచ్చిన ముడిసరుకును డ్రమ్ము దగ్గరే గుర్తుపట్టడానికి చేతిలో ఇమిడే రామన్ పరికరాలు వాడుతున్నారు. ఫోరెన్సిక్ ల్యాబులు, ఆహార కల్తీ పరీక్షలు, పేలుడు పదార్థాల గుర్తింపు, ఇలా ఆ నైపుణ్యం పనికొచ్చే చోట్లు చాలానే ఉన్నాయి. అణువు మారినా కొలిచే విద్య అదే.

కొలిచే విద్యకు ఎంత విలువుందో చెప్పడానికి భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారే సాక్ష్యం. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన 1925లో ప్రచురించింది భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే పద్ధతి. కండరాల్లో శక్తిని నిల్వచేసే ఫాస్ఫోక్రియాటిన్ ఉందని బయటపడింది ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే.

ఇంకో జాగ్రత్త. అరచేతి మీద కాంతి వేసి 'మీ యాంటీ ఆక్సిడెంట్ స్కోరు' చెప్పి, వెంటనే మాత్రలు అమ్మే వ్యాపారాలున్నాయి. రామన్‌తో చర్మంలో కొలిచేది కెరోటినాయిడ్లను (క్యారెట్ లాంటి వాటిలోని రంగు పదార్థాలను) మాత్రమే, అన్ని యాంటీ ఆక్సిడెంట్లనూ కాదు. ఈ తేడా మీ అమ్మాయి మీకు వివరించగలిగితే, విషయం ఆమెకు పట్టుబడుతున్నట్టే.

బీఈడీ చిన్న చదువేమీ కాదు. పీజీ తర్వాత కూడా చేయొచ్చు, దానికి గడువు మించిపోదు. మొదటి చాయిస్‌గా మాత్రం దాన్ని ఇప్పుడే ఆమె మీద పెట్టొద్దు.

ఈ సెమిస్టర్‌లో ఆమె చేయగలిగింది ఒకటుంది. లెక్చరర్ పర్యవేక్షణలో వెండి కొల్లాయిడ్ తయారుచేసి, కాలేజీలో యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటే దాని శోషణ శిఖరం (ఏ కాంతిని అన్నిటికంటే ఎక్కువగా పీల్చుకుంటుందో) చూడమనండి. 400 నానోమీటర్ల చుట్టుపక్కల రావాలి. ఒకసారి వస్తే చాలదు, మళ్లీ మళ్లీ చేసినా ఒకేలా వచ్చేదాకా చేయాలి. ఆ ఓపిక ఉందని తేలితే మీరిక సందేహించక్కర్లేదు. విసుగు వస్తే అదీ ఇప్పుడే తెలియడం మంచిది. పక్కనే స్పెక్ట్రమ్ డేటాను సరిచేసేంత పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తులు సాధారణంగా నవంబర్ ప్రాంతంలో తీసుకుంటారు. అర్హత నిబంధనలు చూసుకుని, సిఫారసు లేఖ కోసం కెమిస్ట్రీ లెక్చరర్‌ను దసరా సెలవులకు ముందే అడగమనండి.