ఏథెన్స్‌లో ఒక్క మధ్యాహ్నమే ఉంటే పురావస్తు మ్యూజియం చూడొచ్చా?

అక్రోపొలిస్ చూశాక ఒక పూట మిగులుతుంది, పెద్దవాళ్ళు కూడా వస్తున్నారు, జాతీయ పురావస్తు మ్యూజియంకి వెళ్ళడం దండగేమో అని అడిగారు. తప్పకుండా వెళ్ళండి. కాకపోతే మాలాగా మొదటి గది నుంచి వరసగా చూసుకుంటూ పోకండి.

లోపలికి వెళ్ళగానే మైసీనీ అనే ప్రాచీన గ్రీకు నగరంలో దొరికిన బంగారం. 1876లో జర్మన్ పురావస్తు పరిశోధకుడు ష్లీమాన్ అక్కడ తవ్వితీసిన బంగారు ముసుగు ముందు జనం కదలరు. ట్రాయ్ యుద్ధంలో గ్రీకులకి నాయకుడైన అగమెమ్నాన్ పేరు దానికి స్థిరపడింది గానీ, ట్రాయ్ యుద్ధం జరిగిందనుకునే కాలం కంటే అది దాదాపు మూడు వందల ఏళ్ళు పాతది. అక్కడా, తర్వాత పాలరాతి విగ్రహాల గదుల్లోనూ చాలాసేపు ఉండిపోయాం. కంచు వస్తువుల విభాగానికి చేరేసరికి నాన్నకి మోకాళ్ళు పట్టేశాయి, మూసే వేళ కూడా దగ్గరపడింది.

సూర్యచంద్రుల గతులు లెక్కగట్టే పాతకాలపు గ్రీకు పరికరం, ఆంటికితెరా యంత్రం ఉన్నది అక్కడే. ప్రాచీన కాలంలో మునిగిపోయిన ఓడలోంచి, స్పాంజి కోసం సముద్రంలోకి దిగేవాళ్ళు 1901లో పైకి తెచ్చిన సరుకులో దొరికింది. చూడటానికి చిలుము పట్టిన కంచు ముక్కలు, అంతే. వాటిలో 30 పళ్ళచక్రాలు గుర్తించారు. లోపల దాగిన అక్షరాల్లో చాలావరకు 2005లో ఎక్స్‌రే స్కానింగ్ చేశాకే చదవగలిగారు. రెండువేల ఏళ్ళ కిందట పిడి తిప్పితే సూర్యచంద్రుల స్థానాలు చూపించేదట. గ్రహణాలు 223 చాంద్రమాసాలకి మళ్ళీ అదే వరసలో వస్తాయన్న లెక్క కూడా అందులో ఉంది.

19 ఏళ్ళకి 235 చాంద్రమాసాలు అన్న ఇంకో లెక్క నేను చదివి చెప్పగానే నాన్న వేళ్ళు ముడిచి, "పన్నెండు పంతొమ్మిదులు 228, పైన ఏడు అధికమాసాలు. మన పంచాంగం లెక్కేరా ఇది!" అన్నారు. ఉగాది ఉగాదికీ పంచాంగం కొని గ్రహణాలు చూసుకునే మనిషి. ఆ అద్దాల పెట్టె ముందు మాకు దొరికింది పదిహేను నిమిషాలే. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు బాధే.

అందుకే మీరు ముందు నేరుగా ఆ గదికే వెళ్ళండి. పెద్దవాళ్ళకి ఓపిక ఉన్నప్పుడే చూపించండి. ఆ తర్వాత గ్రీసులోని ఆర్టెమిసియాన్ తీరం దగ్గర సముద్రంలో దొరికిన కంచు గుర్రాన్నీ, దాని మీది కుర్రాణ్ణీ చూడండి. గుర్రం దూకుతుంటే పిల్లవాడి మొహంలో ఎంత పట్టుదలో! బంగారం చివర్లో చూసినా సరిపోతుంది. విక్టోరియా మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళే దూరమే.