బ్రౌన్ అట్ట తీసెయ్యమ్మాయ్

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. నాకు 33 ఏళ్ళు. గుంటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. యద్దనపూడి సులోచనారాణి గారి నవలలంటే నాకు ప్రాణం. మా అత్తగారి ట్రంకుపెట్టెలో దొరికినవి కాక, జనవరిలో విజయవాడ పుస్తకాల పండగకి వెళ్ళినప్పుడల్లా రెండు మూడు కొంటాను. పాటలంటారా, మాస్ పాటలే. బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అలసట తెలీదు. మొన్న స్టాఫ్‌రూములో నా బ్యాగులోంచి నవల జారిపడింది. సీనియర్ తెలుగు మాస్టారొకరు దాన్ని రెండువేళ్ళతో పైకెత్తి, "ఇంత చదువుకుని ఇవా అమ్మా!" అన్నారు. అందరూ నవ్వారు. "ఏదో టైంపాస్‌కి సార్" అని నేనూ నవ్వేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి పుస్తకానికి బ్రౌన్ కాగితం అట్ట వేసి తీసుకెళ్తున్నాను. మళ్ళీ అంటే ఏం చెప్పాలి?
(ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: నాకేమో ప్రాణమని రాశావు, ఆయనతో టైంపాస్ అన్నావు. నిద్ర ఎలా పడుతుందమ్మా?

నాకూ ఈ రోగం ఉండేది. అప్పుడు మేం విజయవాడ సత్యనారాయణపురంలో ఉండేవాళ్ళం. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డున్న చోట రైళ్ళు తిరిగే రోజులు. ఇంటికి వారపత్రిక వచ్చేది. మా అమ్మ సీరియల్ పేజీలు విడదీసి, సూదీదారంతో కుట్టి దాచేది. నవల పూర్తయ్యాక గవర్నర్‌పేటలో బైండు చేయించేది. అలాంటిదొకటి ఇప్పటికీ నా దగ్గరుంది. వీపు ఊడిపోయింది. కథ అయిపోయిన పేజీ కింద సగం జోకు, సగం తలనూనె ప్రకటన. మధ్యలో ఒక వారం లేదు. ఆ వారం పత్రిక పక్కింటివాళ్ళు చదివి ఇస్తామని పట్టుకెళ్ళి మళ్ళీ ఇవ్వలేదు. అమ్మ రూళ్ళకాగితం మీద ఆ వారం కథ తనే రాసి అక్కడ కుట్టేసింది. ఒకటిన్నర పేజీ. డైలాగులతో సహా. ఇంకోచోట హీరో హీరోయిన్ని నలుగురిలో కసురుకుంటాడు. ఆ పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో "వీడికి రెండు తగిలించాలి" అని ఉంది. తిట్టింది, మళ్ళీ పేజీ తిప్పింది.

నేను ఇంటర్ చదివేటప్పుడు స్నేహితురాలి అన్నయ్య ఇంటికొచ్చి ఆ బైండు చూసి, "ఇవెవరు చదువుతారు?" అన్నాడు. కవిత్వం రాసేవాడు లెండి. "మా అమ్మ. నేను కాదు" అన్నాను ఠక్కున. అమ్మ వంటింట్లోంచి వింది. ఏమీ అనలేదు, అతనికి కాఫీ తెచ్చిచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ కాఫీ గ్లాసు నా కళ్ళముందు నుంచి పోలేదు.

అందుకని చెబుతున్నా. "ఇదీ గొప్ప సాహిత్యమే" అని మాస్టారితో పందేనికి దిగకు. ఆ పందెంలో తీర్పరి కూడా ఆయనే. "నేను చలాన్నీ కొడవటిగంటినీ కూడా చదివానండీ" అని జామీను చూపించకు, చదివి ఉన్నా సరే. నీకేం నచ్చిందో ఒక్కటి చెప్పు. ఫలానా పుస్తకంలో, ఫలానా చోట అని చెప్పు. ఉదాహరణకి 'సెక్రటరీ'. సులోచనారాణి గారు అది రాసింది 1960లలో. ఆడపిల్ల ఆఫీసుకి బయల్దేరితే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసే కాలం. అలాంటప్పుడు ఒక ఉద్యోగం పేరే నవలకి పేరయింది. ఆరడుగుల హీరో, పడవలాంటి కారు ఎలాగూ ఉంటాయి, వాటికి నేనూ నవ్వుతాను. కానీ జీతం రాళ్ళు లెక్కపెట్టుకునే పిల్ల అంత డబ్బున్నవాడి ముందు తలెత్తి మాట్లాడుతుంటే మా అమ్మలాంటివాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో మాస్టారిని ఆలోచించమను. ఆవిడ మన కాజ మనిషి కూడాను. మీ మంగళగిరి టోల్‌గేటు కాజ కాదు, కృష్ణాజిల్లాలో మొవ్వ దగ్గరి కాజ.

పాటల దగ్గరికొస్తే మాస్టారు తప్పకుండా 'శంకరాభరణం' ఎత్తుతారు. ఎత్తనీ. 1980లో ఆ సినిమాకి కొత్త పాటలు రాసిన వేటూరి, మూడేళ్ళ ముందు 1977లో 'అడవి రాముడు'కి 'ఆరేసుకోబోయి' రాశారు. రెండు సినిమాలకీ సంగీతం కె.వి.మహదేవనే. ముందు పాట రాయించుకుని, ఆ మాటలకి బాణీ కట్టడం ఆయన పద్ధతి. త్యాగరాజ కీర్తన పక్కన నిలబడే పాటకైనా, ఎన్టీ రామారావు స్టెప్పుకైనా అదే చెయ్యి, అదే చెవి. పైగా శంకరాభరణానికి ఢిల్లీవాళ్ళు జాతీయ అవార్డుల్లో స్వర్ణకమలం ఇచ్చింది ఉత్తమ జనరంజక చిత్రంగా. జనాన్ని రంజింపజేసినందుకన్నమాట! ఇంకొకటి. 'కృషి ఉంటే మనుషులు ఋషులౌతారు' అని స్కూళ్ళలో, కాలేజీల్లో గోడల మీద రాస్తుంటారు చూడు, అది కూడా 'అడవి రాముడు'లోదే. మీ కాలేజీ గోడలు ఓసారి చూసిరా. స్టాఫ్‌రూము బయటే దొరికినా దొరుకుతుంది.

ఇష్టపడ్డాం కదాని అన్నిటినీ వెనకేసుకురావాల్సిన పనిలేదు. అమ్మాయి వెంటపడి సతాయించడమే ప్రేమని ఊదరగొట్టే పాటలు మాస్‌లో బోలెడు. నేనైతే మార్చేస్తాను. మాస్టారు వాటిని తిడితే "అవునండీ, అది నాకూ నచ్చదు" అను. అప్పుడు నచ్చినదాని గురించి నువ్వు చెప్పేది కూడా చెవికెక్కుతుంది. ఎక్కకపోతే మానె. ఆయన్ని మార్చడానికా నీకు కాలేజీవాళ్ళు జీతం ఇస్తున్నది?

అట్ట మాత్రం తీసెయ్. వానాకాలం అయితే ఉంచుకో.

ప్రశ్న: మేడమ్, నాకు 71. మా మనవడు గదిలో పెట్టే పాటలకి నా గుండె దడదడలాడుతుంది. ఘంటసాల గారి పాట పెడితే వాడు "స్లో తాతయ్యా" అని లేచిపోతాడు. వాడికి మంచి సంగీతం అలవాటు చేసేదెలా?
(ఒక పాఠకుడు, పటమట, విజయవాడ)

జవాబు: ముందు వాడి పాట ఒకటి మొదట్నుంచి చివరిదాకా వినండి. సౌండు తగ్గించమని అడగొచ్చు, మొహం చిట్లించకూడదు. అందులో ఏం బాగుందో వాణ్ణే చెప్పమనండి. తర్వాత మీ వంతు. ఒక్క పాటే పెట్టండి. అది 'మంచి సంగీతం' అని చెప్పకండి. ఏ హాల్లో విన్నారో, నేల టికెట్టా, కుర్చీనా, ఇంట్లో ఏం అబద్ధం చెప్పి వెళ్ళారో చెప్పండి. వాడు కూర్చుంటాడు. హార్మోనియం మీద నాటకం పద్యాలు తప్ప ఇంకేవీ సంగీతం కాదనే పెద్దాయన ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఒకరుండేవారు కదా. మీ ఇంట్లో ఆయన మీ సినిమా పాటల్ని ఏమని తిట్టేవారో, అది కూడా దాచకుండా చెప్పండి.